పల్లె చర్చిలో ముఖం లేని తల్లి

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టాను. మా నాయన చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి ఊళ్లకో పోయారు గానీ ఆయన మాత్రం తిరుపతి దాటి పోయింది లేదు. నేనూ అట్లాగే బతుకుతాననుకున్నాను. అయితే కొన్నేళ్ల కిందట ఇంగ్లండులోని ఒక పట్నంలో మనవాళ్లు గుడి కట్టుకుని అమ్మవారి విగ్రహానికి నన్ను అడిగారు. నల్లరాతిలో కూర్చున్న అమ్మవారిని చెక్కి, పెట్టెలో గడ్డి కూరి, ఓడ మీద పంపించాను.

విగ్రహం ఎంత పూర్తయినా కళ్లలో చివరి గీతను మేము పనిచోట గీయం. ప్రతిష్ఠ నాడు, పీఠం మీద నిలబెట్టాక, చెక్కినవాడే వచ్చి ఉలితో గీయాలి. దాన్ని కళ్లు తెరిపించడం అంటారు. దూరదేశమైతే ఆ పని అక్కడి పూజారితో కానిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఈ గుడి పెద్దలు మాత్రం చెక్కిన చెయ్యే కావాలని పట్టుబట్టి, నన్ను రప్పించుకున్నారు. మా ఇంటామె ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి కట్టి ఇచ్చింది. ఉలులు గుడ్డలో చుట్టి పెద్ద పెట్టెలో అడుగున పెట్టుకున్నాను. విమానాశ్రయంలో తనిఖీవాళ్లు వాటిని బయటికి తీసి, ఇవేంటని అడిగితే చేతులతో చెక్కినట్టు చూపించాను. నవ్వి పంపించారు.

పోయిన రెండో రోజుకే విగ్రహం పీఠం మీద సరిగ్గా కూర్చుంది. ముహూర్తానికి ఇంకా వారం ఉంది. గుడివాళ్లు నన్ను బాగా చూసుకున్నారు గానీ అందరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోయేవాళ్లు. నేను గదిలో కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ ఉండేవాణ్ణి. రాయి ముట్టకుండా నాలుగు రోజులు గడిపిన జ్ఞాపకం నాకు అంతకుముందు లేదు. చేతులు ఊరికే ఒళ్లో పడి ఉంటే వేరే ఎవరివో అనిపించేది.

నన్ను అటూ ఇటూ తిప్పడానికి వాళ్లు ఒక టాక్సీ మాట్లాడారు. దాన్ని నడిపేది నంద్యాల సాయిబు. నాకంటే కొంచెం చిన్నవాడు. నంద్యాలలో వాళ్ల నాయన గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసేవాడట. పెండ్లయిన కొత్తల్లో ఇతను ఇంగ్లండు పోయి, అక్కడే ఉండిపోయాడు. మొదటి రోజు కారు తలుపు తీసి, "ఆళ్లగడ్డంట గదన్నా మీది. నాది నంద్యాల. కూర్చో," అన్నాడు. అప్పటిదాకా నాతో అందరూ పుస్తకంలో ఉండే తెలుగే మాట్లాడారు. ఈ మాట వినగానే నా భుజాలు కొంచెం కిందికి దిగాయి.

బుధవారం సాయంత్రం నన్ను గదికాడ దింపుతూ అతనే అడిగాడు.

"ఊరికే గదిలో కూర్చోని ఏం చేస్తావన్నా? రేపు నేనొక ముసలామెను పల్లెలో చర్చికాడికి తీస్కపోతాండా. వారం వారం పోతా. నువ్వూ రా. రాయి పనోనివి. ఆడంతా రాయే."

మరుసటి రోజు ఆమెను ఒక చిన్న ఇంటి దగ్గర ఎక్కించుకున్నాం. ఒకప్పుడు బడిలో టీచరట. భర్త పోయాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో కర్రతో ఉంది. గుడ్డ సంచిలో రకరకాల కుంచెలు, తుడిచే గుడ్డలు, టీ ఫ్లాస్కు. నాతో చెయ్యి కలిపింది, కలిపిన చెయ్యి వదలకుండా వెనక్కి తిప్పి అరచేతిలోని కాయలు చూసింది. ఏదో అంది. "పనిచేసే చెయ్యి అంటాంది," అన్నాడు డ్రైవరు. ఆమెను అతను తెలుగులోనే 'అమ్మా' అని పిలిచేవాడు. ఆ మాటకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదట, అయినా పలికేది.

ఊరు దాటాక రెండు వైపులా కంచెమొక్కలు, వాటి వెనక పచ్చిక, గొర్రెలు. మా నంద్యాల దగ్గర గోస్పాడు వైపు కాలువ నీళ్లు వదిలి, నాట్లు పడిన కొత్తల్లో ఉండే పచ్చదనం అది. అయితే మనకు ఆ పచ్చదనం కొన్ని వారాలే. వాళ్లకు ఏడాది పొడుగునా అదేనట.

చర్చి అంటే పెద్దదేదో ఉంటుందనుకున్నాను. పల్లె చివర, చెట్ల మధ్య, చిన్నది. బూడిదరంగు రాయి, ఒక పక్కన చతురస్రంగా గోపురం. చుట్టూ సమాధులు. రాతి పలకలు కొన్ని నిటారుగా, కొన్ని ముందుకు ఒరిగి ఉన్నాయి. అక్షరాలు వానకు కరిగిపోయి చాలావాటిమీద పేరు కూడా మిగల్లేదు. వాటి మధ్య నుంచే దారి. మన ఊళ్లలో గుడి ఒక దిక్కున, శ్మశానం ఒక దిక్కున ఉంటాయి కదా, నాకు అడుగు వెయ్యడానికి మొదట ఏదోలా అనిపించింది. ముసలామె మాత్రం తెలిసినవాళ్ల ఇంటి ముందు నుంచి పోతున్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ నడిచింది. ఒక పలక మీద పడిన ఆకును వంగి తీసేసింది. అది ఆమె భర్తదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

వాకిట్లో నేను బూట్లు విప్పబోయాను. ఆమె గట్టిగా ఏదో అంది.

"ఇడవాల్సిన పన్లేదంటన్నా. చలికి సస్తావంటాంది."

నా మనసు ఒప్పక విప్పేశాను. లోపల నాలుగడుగులు వేసేసరికి మేజోళ్లలోంచి చలి మోకాళ్లదాకా పాకింది. వెనక్కి వచ్చి తొడుక్కున్నాను. ఆమె నవ్వలేదు, నేను తొడుక్కునేదాకా నిలబడి చూసి, పోదాం అన్నట్టు తల ఊపింది.

లోపల మైనం వాసన, తడిరాయి వాసన. వెలుతురు పక్క కిటికీల్లోంచి వాలుగా పడుతోంది. రెండు వరుసల స్తంభాలు. నేను మొదటి స్తంభం దగ్గరే ఆగిపోయాను. ముట్టుకోవచ్చా అని అడిగించాను. ముట్టుకోమంది. మెత్తటి సున్నపురాయి. మన బేతంచెర్ల నాపరాయికి దూరపు చుట్టం. అరచెయ్యి ఆనించి కిందికి జార్చితే వేళ్లకు ఏటవాలు గాట్లు తగిలాయి. ఎవరో గొడ్డలిలాంటి పనిముట్టుతో చేత్తో చదును చేసిన గాట్లు. ఎనిమిది వందల ఏళ్లు పైబడిందట అది చెక్కి. మా పనిచోట ఇప్పుడు గ్రైండర్లు మోగుతుంటాయి. ఉలి పట్టేది చివరన, ముఖానికీ వేళ్లకీ మాత్రమే. రాయిని మొదటి నుంచీ చేత్తోనే దించిన పని నేను చిన్నప్పుడు మా నాయన దగ్గర చూశాను. ఆ స్తంభం మీద చెయ్యి పెట్టుకుని, ఎవరూ తొందర చెయ్యకపోతే, మధ్యాహ్నందాకా అట్లాగే నిలబడి ఉండేవాణ్ణి.

స్తంభాల పైన ఆకుల నగిషీ ఉంది. ఏ రెండూ ఒకటి కాదు. ఒకదాంట్లో ఆకుల మధ్య నుంచి ఒక మనిషి తల బయటికి వచ్చి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, నోరు వంకర తిప్పి ఉన్నాడు. పన్ను నొప్పి. చూడగానే నాకు నవ్వొచ్చింది. మన గుళ్ల స్తంభాల మీద కూడా దేవుడికి కనిపించని మూలల్లో మావాళ్లు కోతినో ఉడతనో, తగవులాడే మొగుడూ పెళ్లాలనో చెక్కి ఉంటారు. ఇక్కడి మేస్త్రీ కూడా అట్లాంటివాడే. బహుశా ఆ వారంలో అతని పక్కన పనిచేసేవాడికి నిజంగానే పన్ను నొప్పి లేచి ఉంటుంది. నేను నవ్వడం చూసి ముసలామె సంతోషపడిపోయింది. బడిపిల్లలను తీసుకొస్తే వాళ్లు దీని ముందు నుంచి కదలరట.

వెనక వైపు, వాకిలికి దగ్గరలో, రాతి తొట్టి ఒకటి ఉంది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేది. ఎనిమిది పలకలుగా చెక్కి, ప్రతి పలకలో చిన్న చిన్న మనుషుల బొమ్మలు పెట్టారు. ఆ బట్టల మడతలు, ఆ చేతి వేళ్లు చూసి అబ్బా అనుకుంటూ దగ్గరికి వంగాను. అప్పుడు కనిపించింది. ఒక్క బొమ్మకూ ముఖం లేదు. అరిగిపోవడం కాదు, ఉలి పెట్టి కొట్టేశారు. దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి.

రాయి పగలడం మాకు కొత్త కాదు. రాతిలో దాగిన ఒక్క జీరతో నెలల పని పోతుంది. అది రాయి తప్పు, లేకపోతే మా తప్పు. ఇది వేరు. ముక్కు ఎక్కడుందో చూసుకుని, గురిపెట్టి కొట్టిన దెబ్బ. ఎవరు చేశారని అడిగించాను.

ఆమె కర్రను బల్లకు ఆనించి, చాలాసేపు చెప్పింది. మామూలుగా ఆమె పది మాటలు చెబితే డ్రైవరు రెండు చెప్పేవాడు. ఈసారి ఏమీ తగ్గించలేదు.

"ఈ ఊరోళ్లేనంటన్నా. గుళ్లో బొమ్మలుండగూడదని రాజు ఉత్తర్వు వచ్చిందంట. నాలుగైదు వందల ఏండ్ల నాటి మాట. బయటోళ్లెవరూ రాలేదంట, వాళ్ల చేత్తో వాళ్లే కొట్టేసినారంట."

మాలో ఒక నియమం ఉందని చెప్పాను. దెబ్బతిన్న విగ్రహానికి పూజ చెయ్యం. ఏట్లో కలిపేసి కొత్తది నిలబెడతాం. మీరు ఎందుకు తీసెయ్యలేదు, ఎందుకు కొత్తవి చెక్కించలేదు అని అడిగాను. అడిగాక, గట్టిగా అడిగానేమో అనుకున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి చెప్పింది.

"చెక్కినోళ్లూ మా ఊరోళ్లే, చెడగొట్టినోళ్లూ మా ఊరోళ్లే అంటాంది. ఇద్దరూ బయటే పండుకోనుండారంట. నేను యాడ తీర్పు చెప్పేది, దుమ్ము దులుపుతా అంతే, అంటాంది."

ఆ మాట అని ఆమె సంచిలోంచి మెత్తటి కుంచె తీసింది. చిన్న పీట మీద కూర్చుంది. మొదటి పలకలో తల్లి, ఒళ్లో బిడ్డ. తల్లికి ముఖం లేదు, బిడ్డకూ లేదు. ఆమె కుంచెతో తల్లి తలగుడ్డ మడతల్లోంచి దుమ్ము లాగి, మెడ దగ్గర తిప్పి, ముఖం ఉండాల్సిన ఆ గరుకు చోట కూడా, ముఖం ఉంటే ఎట్లా తుడుస్తారో అట్లాగే మెల్లిగా తుడిచింది. తర్వాత బిడ్డది. తర్వాత పక్క పలక. తొందర లేదు. వారం వారం ఇదే పనట, పెండ్లయి ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి. అంతకుముందు ఆమె అత్తగారు చేసేదట.

నేను జీవితమంతా ముఖాలు చెక్కినవాణ్ణి. చెక్కిన ముఖాలకు దండం పెట్టేవాళ్లను చూశాను. ముఖం లేని రాళ్లను ఇంత మర్యాదగా చూసుకునేవాళ్లను అప్పటిదాకా చూడలేదు. ఆమె మీద నాకు గౌరవం కలిగింది. అది ఎట్లాంటిదంటే, మా నాయన పనిలో ఉన్నప్పుడు ఆయన వెనక నిలబడితే కలిగేదే.

కుంచె నాకు ఇమ్మని అడిగాను. రెండు పలకలు నేను చేశాను. దగ్గరగా చూస్తే దెబ్బలన్నీ ఒకటి కావు. కొన్నిచోట్ల కసిగా, లోతుగా దిగాయి. తల్లీబిడ్డల దగ్గర మాత్రం పైపైన పడ్డాయి. తల్లి రొమ్ము మీద బిడ్డ పెట్టిన చిన్న చెయ్యి, అయిదు వేళ్లతో సహా, అట్లాగే ఉంది. కొట్టినవాడికి అక్కడ చెయ్యి ఆడలేదని నాకు అనిపించింది. నిజమో కాదో నాకు తెలియదు.

అంతలో ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఈ తల్లి ముఖం ఎట్లా ఉండి ఉంటుంది అని. నేను మీ దేవుళ్లను ఎరగను, చెప్పలేను అన్నాను. ఊరికే చెప్పు అంది. సరేనని పీట మీద కూర్చుని, బొమ్మ భుజం చూశాను. ఎడమ భుజం కొంచెం పైకి ఉంది. మెడ నరం కుడి పక్కకు లాగి ఉంది. నా ఎడమ భుజం ఎత్తి, మెడ అట్లాగే వంచి, ఒళ్లో బిడ్డను పట్టుకున్నట్టు చేతులు పెట్టాను. మేము పని మొదలుపెట్టేముందు ఇట్లా చేస్తూనే ఉంటాం. ఒంటికి తెలిస్తేనే రాతికి ఎక్కుతుంది. అట్లా కూర్చోగానే నా చూపు బిడ్డ మీదికి పోలేదు, దానంతటదే బిడ్డ తల మీదుగా, తొట్టి ముందు నిలబడేవాళ్ల వైపు పోయింది. బిడ్డను తెచ్చే తల్లులు నిలబడేది అక్కడే. ఆ మాట చెప్పాను.

డ్రైవరు దాన్ని ఇంగ్లీషులో చెప్పి, పోయి సరిగ్గా ఆ చోట నిలబడ్డాడు. ముసలామె కూడా లేచి పోయి అతని పక్కన నిలబడింది. నేను మీసాలున్న మనిషిని, గొంతుకు మఫ్లరు చుట్టుకుని, ఒళ్లో లేని బిడ్డను పట్టుకుని వాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. తన బిడ్డలిద్దరినీ అక్కడే నిలబడి ఎత్తుకున్నానని చెప్పింది. తర్వాత వెనక బల్ల మీద కూర్చుని ముగ్గురం ఫ్లాస్కులో టీ తాగాం. దేవుడి ముందు టీ తాగడం నాకదే మొదలు.

ప్రతిష్ఠ నాడు తెల్లవారగానే తెర కట్టారు. తెర లోపల నేను, పూజారి. సన్న ఉలి పట్టుకుని అమ్మవారి కళ్లలో చివరి గీతలు దించాను. తెర తీసి, అమ్మవారికి అద్దం చూపించాక, జనం దర్శనానికి కదిలారు. వాళ్ల వెనక, తలకు చున్నీలాంటి గుడ్డ చుట్టుకుని ముసలామె కనిపించింది. డ్రైవరు తీసుకొచ్చాడు. కళ్లు తెరిపించడం గురించి దారిలో ఆమెకు చెప్పాడట. ఆమె తన వంతు వచ్చేదాకా వరుసలో నిలబడింది. అమ్మవారి ముందుకు వచ్చి చాలాసేపు చూసింది. బయటికి వచ్చాక నన్ను ఒకటే అడిగించింది. ఆ గీత ఎక్కడ ఆపాలో నీకు ఎట్లా తెలుస్తుంది?

"తెలీదమ్మా. చెయ్యే ఆగుతాది," అన్నాను.

డ్రైవరు చెప్పకముందే ఆమె తల ఊపింది.

ఇంటికి వచ్చాక మా ఇంటామె, తమ్ముళ్లు అన్నీ అడిగారు. విమానం గురించి చెప్పాను, చలి గురించి చెప్పాను, చర్చి గురించి చెప్పాను. పెద్ద తమ్ముడికి అది నచ్చలేదు. చెడిన బొమ్మను ఎదురుగా పెట్టుకుంటే ఎట్లా అని వాదించాడు. నేను వాదించలేదు. మా నియమం మాకు ఉంది, దాన్ని నేను ఇప్పటికీ పాటిస్తున్నాను. కానీ వాళ్ల పద్ధతి తప్పని అనలేకపోయాను. "చూసినవాణ్ణి నేను. నువ్వు చూడలా," అన్నాను, అంతే.

మరుసటి ఏడాది డ్రైవరు చెల్లెలి కూతురి పెండ్లికి నంద్యాల వచ్చి, బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చాడు. మా పనిచోట రాళ్ల మధ్య కూర్చుని, తలంతా తెల్లటి దుమ్ముతో, ముసలామె కబుర్లు చెప్పాడు. ఆమె చలికాలంలో జారి పడిందట. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తుంది గానీ పీట మీద వంగి కూర్చోలేదు. అందుకని గురువారాలు డ్రైవరు భార్య వెంట పోయి దుమ్ము దులుపుతోందట. ఫోన్లో వీడియో చూపించాడు. తలకు ముసుగు వేసుకున్న నంద్యాల ఆడమనిషి ఆ తల్లీబిడ్డలకు కుంచె పెడుతోంది. వెనక బల్ల మీద నుంచి ముసలామె కర్రతో చూపిస్తూ ఏదో అంటోంది.

"ఏమంటాంది?" అన్నాను.

"మూలల్లో సరిగా తుడ్చలేదంట. మా ఆమెను వారం వారం తిడతాది. ఈమె నవ్వుతాది."

ఆ రోజు మాటల్లోనే అతను, నంద్యాల దగ్గర గోస్పాడు దారిలో ఒక పల్లెలో తెల్లదొరల కాలపు పాత చర్చి ఉందని, తన చిన్ననాటి స్నేహితుడిది ఆ ఊరేనని చెప్పాడు. ఆ దారిన నేను రాళ్ల కోసం ఎన్నోసార్లు పోయాను. ఒక్కసారీ ఆగలేదు. రెండు రోజుల తర్వాత ఇద్దరం మోటారు సైకిల్ మీద పోయాం.

వరిమళ్ల మధ్య ఊరు. చర్చి మన రాతితోనే కట్టారు. పైకప్పు వాలుకు నాపరాళ్లు. ఎన్నేళ్ల సున్నమో పొరలు పొరలుగా గోడల మీద ఉంది. తలుపు పైన కమాను ఇంగ్లండులో చూసినట్టే సూటిగా మొనదేలి ఉంది. కానీ కమాను మొదలయ్యే చోట, రెండు పక్కలా, ఎవరో మన మేస్త్రీ రెండు తామరపూలు చెక్కాడు. దొర చెప్పి ఉండడు. చెప్పకుండానే చెక్కి ఉంటాడు. సున్నం కింద రేకులు మూసుకుపోయి ఉన్నాయి. నేను గోటితో కొంచెం గీరి చూశాను.

లోపల ఒకామె చాపలు ఎత్తి ఊడుస్తోంది. మా వైపు చూసి, "యాడోళ్లప్పా?" అంది. ఆళ్లగడ్డ అని చెప్పాను. చీపురు ఆపింది.

"విగ్రహాలు చేసే ఊరు గదా. అయితే ఒక పని చూసిపో. మెట్టు పగిలి రెండేండ్లాయ. ముసలోళ్లు పడతాండారు. ఎవరికి చెప్పినా రేపంటారు."

వాకిట్లో కింది మెట్టు నిజంగానే అడ్డంగా పగిలి, ఒక ముక్క పల్లానికి వాలి ఉంది. జానలతో కొలుచుకున్నాను. డ్రైవరు పక్కన కూర్చుని పగిలిన ముక్కను ఎత్తిపట్టి, కింద మట్టి ఎంత జారిందో చూపించాడు. అతను తిరిగి పోయేలోపే చేద్దామన్నాడు.

తర్వాతి వారం మందపాటి నాపరాయి ఒకటి తెచ్చి, అంచులు చేత్తోనే చెక్కి, ఇద్దరం కలిసి దించాం. కింద కంకర కూరి, సున్నం పెట్టి, మట్టం చూసుకున్నాను. పాస్టరు వచ్చి మాకు మజ్జిగ ఇప్పించి, మా కోసం చిన్న ప్రార్థన చేశాడు. ఊడ్చే ఆమె మాత్రం అవన్నీ అయ్యేదాకా ఆగి, చెంబుతో నీళ్లు పోసి రాయి కడిగింది. రెండు కాళ్లూ దాని మీద పెట్టి ఎక్కి, ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద బరువు వేసి చూసింది.

"బాగుంది పో అప్పా," అని లోపలికి పోయి చాపలు పరుచుకోసాగింది.